బీఈడీ రికార్డులు జిరాక్స్ షాపులో దొరుకుతుంటే...

సంపాదకుడు గారికి,

బీఈడీ, డీఈడీ చదివేవాళ్లు పిల్లల చదువుకు సంబంధించి యాక్షన్ రీసెర్చ్ (తరగతిలోని ఒక సమస్యకు ఏదో పద్ధతి ప్రయత్నించి, ఫలితం చూడటం) చేసి రికార్డు పెట్టాలి. కొందరు చేస్తారు, కొందరు కొంటారు. జిరాక్స్ షాపులో పాత ఫైళ్లుంటాయి, పేరూ హాల్‌టికెట్ నంబరూ మారిస్తే సరి. మా బడికి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చిన ఒకమ్మాయి రికార్డు తిరగేశాను. 'పఠనంలో వెనుకబాటు' అని పేరు, ముప్పై మంది పిల్లల మార్కులు, రంగురంగుల గ్రాఫులు. తీరా ఆ తరగతిలో ఉన్నది పద్దెనిమిది మందే! ఆమెను అని ఏం లాభం? ఎలా చెయ్యాలో ఎవరూ దగ్గరుండి చూపించలేదు.

నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. ముందు ప్రశ్న చిన్నదిగా ఉండాలి. 'పిల్లలు చదవలేకపోవడానికి కారణాలు' అని మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. రోజూ పావుగంట ఒత్తుల మాటలు చదివిస్తే నెలకు తప్పులు తగ్గుతాయా, పక్క ఊరి బడిలో చదివించని పిల్లలకూ అంతే తగ్గుతాయా అంటే తేల్చవచ్చు.

పరీక్ష పెట్టడం కూడా నేర్చుకోవాల్సిందే. మా మూడో తరగతిలో ఒక పాప తెలుగు వాచకం గడగడా చదివేస్తుంది. పేజీకి చెయ్యి అడ్డం పెట్టినా ఆగదు! అవే మాటలు బోర్డు మీద విడిగా రాస్తే 'పక్క' చదివింది, 'పక్షి' దగ్గర నిలబడిపోయింది. అందుకే ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, చూడని పేరా చదివించి, ఏం అర్థమైందో అడగాలి. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే, 2005లో మొదలైన అసర్ సర్వేవాళ్లు పల్లెల్లో ఇళ్లకే వెళ్లి పిల్లల చేత అక్షరాలు, మాటలు, పేరా, కథ చదివిస్తారు. ఇంటికే వెళ్తే బడి మానేసినవాళ్లూ లెక్కలోకి వస్తారు.

మా కలిగిరి వైపు ఇది మరీ అవసరం. పొగాకు బ్యారన్ల (ఆకును కాల్చి ఆరబెట్టే కొట్టాల) సీజన్‌లో కూలికి వెళ్లే తల్లుల వెంట కొందరు పిల్లలు పోతారు. నవంబరులో అందరికీ పరీక్ష పెట్టి, ఫిబ్రవరిలో వచ్చినవాళ్లకే పెడితే, వెనకబడ్డవాళ్లు జారిపోయి సగటు దానంతటదే పెరుగుతుంది. మా పద్ధతి అద్భుతం అని రాసుకుంటాం.

లెక్కలొక్కటే సరిపోవు కూడా. 1990ల మొదట్లో మా జిల్లాలోని దూబగుంటలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఎంతమంది సంతకం నేర్చారన్న పట్టికలో ఇది ఎక్కడ దొరుకుతుంది? వాళ్ల దగ్గర కూర్చుని వినాలి. అదీ పరిశోధనే.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ పెట్టుకున్న గడువు 2026-27. పల్లిపాడు డైట్ (టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ), విక్రమ సింహపురి యూనివర్సిటీ కలిసి ఛాత్రోపాధ్యాయులకు (టీచర్ శిక్షణలో ఉన్నవాళ్లకు) ఇవన్నీ బడుల్లోనే చేయించి చూపించాలి. బైండింగ్ చూసి మార్కులు వెయ్యకుండా, వైవాలో (నోటి పరీక్షలో) పిల్లల అసలు జవాబు కాగితాలు అడగాలి. పద్ధతి పని చెయ్యలేదని ఉన్నదున్నట్టు రాసినవాళ్లకూ మంచి మార్కులు పడాలి. ఆ కాగితాల కాపీ బడి హెచ్‌ఎంకు ఇచ్చి వెళ్తే, ఏ బిడ్డ ఏ ఒత్తు దగ్గర ఆగుతోందో మరుసటి ఏడు టీచరుకు మొదటి రోజే తెలుస్తుంది.

- ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా