మోటారు మార్చాలన్నారు, కార్బన్లు మారిస్తే సరిపోయింది

సంపాదకులకు నమస్కారములు.

కడప బండలు పరచిన మా ఇంట్లో చలికాలం నేల జిల్లుమంటుంది కనుక, మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అమ్మగారి కోసం హాల్లో పెద్ద తివాచీ వేయించి, దాన్ని కడగడానికి అయిదేళ్ళ కిందట ఒక కార్పెట్ క్లీనర్ కొన్నాను. షాంపూ నీళ్ళు చిమ్మి, మురికితో సహా వాటిని తిరిగి పీల్చుకోవలసిన ఆ యంత్రం గత నెలలో చిమ్మడం చిమ్ముతూనే పీల్చడం మానేసింది. అంతకు ముందు కొన్నాళ్ళుగా లోపలి నుంచి నిప్పురవ్వలు, కమురు వాసన వస్తూనే ఉన్నాయి. సర్వీసు సెంటరుకు తీసుకువెళితే విప్పి చూడకుండానే మోటారు మొత్తం మార్చాలనీ, 4,200 రూపాయలవుతుందనీ, విడిభాగాలు అమ్మరనీ చెప్పి పంపించారు.

ఇంటికి తెచ్చి నేనే విప్పాను. ప్లగ్గు తీసి, ట్యాంకులు ఖాళీ చేసి, ఒక పగలంతా ఆరబెట్టిన తర్వాతే స్క్రూడ్రైవరు పట్టుకున్నాను. నీళ్ళూ కరెంటూ ఒకేచోట ఉండే వస్తువు విషయంలో ఈ జాగ్రత్త ఎంత చెప్పినా తక్కువే. రెండు స్క్రూలు స్టిక్కరు కింద దాచి ఉన్నాయి. మోటారుకు ఇరుపక్కలా ఉండి, తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలైన కార్బన్లలో ఒకటి చిటికెనవేలి గోరంత కూడా మిగలలేదు, వెనకనున్న స్ప్రింగు ఎంత నెట్టినా అది కమ్యుటేటరును, అంటే కరెంటు అందుకునే ఆ తిరిగే రాగి భాగాన్ని తాకడం లేదు. మన మిక్సీల్లో ఉండేదీ ఇదే రకం మోటారు. నిమిషానికి వేల చుట్లు తిరిగే రాగి కమ్యుటేటరుకు ఒరుసుకుంటూ కార్బన్లు అరిగిపోవడం సహజమే, అరిగినప్పుడు మార్చుకోవడానికే అవి విడిగా ఉంటాయి.

ఏడు రోడ్ల కూడలి దగ్గర మోటారు వైండింగ్ చేసే పెద్దాయన పాత ముక్కను కొలిచి, దానికన్నా కాస్త లావుగా ఉన్న జతను గరుకు కాగితం మీద అరగదీసి సరిపెట్టి, 120 రూపాయలు తీసుకున్నారు. కమ్యుటేటరు మీది మసి తుడిచి బిగించాను. పనిలో పనిగా, బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పేరుకున్న నాజిల్‌ను నిమ్మరసం పిండిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. యంత్రం ఇప్పుడు కొత్తదానిలాగే పీలుస్తోంది. మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలినా, వైరు పై తొడుగు చిట్లినా మాత్రం ఎవరూ సొంతంగా సాహసించకుండా పని తెలిసినవారికే ఇవ్వాలని మనవి.

కొన్న వస్తువును పారేయకుండా బాగుచేయించుకునే వీలు కొనుగోలుదారుకు ఉండాలన్నదే మరమ్మతు హక్కు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ హక్కు కోసం 2022 జులైలో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ ప్రారంభించింది. అందులో వ్యవసాయ పనిముట్లు, మొబైళ్ళు, వాహనాలతోపాటు గృహోపకరణాలకూ చోటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో వాక్యూమ్ క్లీనర్లూ ఉన్నాయి. పారేసిన వస్తువు ఎక్కడికి చేరాలో నిర్ణయించిన ప్రభుత్వం, అది పారేసే దాకా రాకుండా కార్బన్ల కొలత, బెల్టు నంబరు, ఫిల్టరు రకం వాడుక పుస్తకంలోనే ముద్రించాలనీ, జిల్లా కేంద్రాల్లో వాటిని విడిగా అమ్మాలనీ కంపెనీలను ఆదేశించాలి. "పాత ముక్క తెచ్చినారు కాబట్టి సరిపోయింది సార్, అది పారేసుకొని వస్తే ఏ కొలత చూసి ఇచ్చేది?" అని ఆ వైండింగ్ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆ యంత్రాన్ని తయారుచేసినవారే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడప