మీ నాన్నగారి అంబాసిడర్ గురించి

చిత్తూరు,
ఏప్రిల్ నెల.

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. మీ నాన్నగారి అంబాసిడర్‌ను తుక్కు కొట్టుకు ఇచ్చేది లేదని ఇంట్లో అందరి ముందూ తేల్చి చెప్పావని చదివి ఎంత సంతోషించానో! రాత్రి భోజనమయ్యాక మళ్ళీ ఒకసారి చదివాను. ఈ జవాబు పొడుగ్గానే ఉంటుంది, తీరిక చూసుకుని చదువు.

మా మామయ్య పాత అంబాసిడర్‌కు నేను ఇంజన్ మార్పించినట్టే మీ బండికీ మార్చడం గురించి నువ్వు అడిగినవి మూడు: ఏ ఇంజన్, ఎంత ఖర్చు, ఎన్నాళ్ళు. వాటికంటే ముందు నా మనసులో మాట ఒకటి చెప్పనివ్వు. ఈ మొత్తం పనిలో ఇంజన్ మార్చడమే తేలిక. గొలుసు కప్పీ ఒకటి, చేయి తిరిగిన మనుషులు కొందరు ఉంటే పాతది పైకి లేస్తుంది, కొత్తది కిందికి దిగుతుంది. బండి బాగుపడిందా పాడైందా అన్నది తేలేది ఆ తర్వాత, డాష్‌బోర్డు వెనక, చేయి దూరని చోట. వైరింగు, మీటర్లు సరిగ్గా కుదిరిన బండే పది కాలాలు తిరుగుతుంది. ఇంజన్ మీద మోజుతో మొదలుపెట్టి, వైర్ల దగ్గర విసుగెత్తి వదిలేసిన బండ్లు మా ఊరి షెడ్లలోనే దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక ఏ ఇంజన్ అంటావా, నా జవాబు ఒకటే: ఇసుజు. మీ బండి 1972 నాటి మార్క్ 2 కదా, అందులో ఉన్నది 1489 సీసీ బీఎంసీ ఇంజన్. 1990ల తొలినాళ్ళలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే ఇదే అంబాసిడర్‌లో 1817 సీసీ ఇసుజు పెట్రోలు ఇంజన్‌ను, అయిదు గేర్ల పెట్టెను బిగించి అమ్మారు. తర్వాత దానికే ఎంపీఎఫ్‌ఐ, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే పద్ధతి, వచ్చింది. అంటే ఈ బాడీలో ఈ ఇంజన్ ఎలా కూర్చోవాలో కంపెనీయే ఆలోచించి పెట్టింది. జపాన్ కార్ల ఇంజన్లు, డీజిల్ జీపు ఇంజన్లు పెట్టినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పనితనాన్ని కాదనను. కానీ ఆ దారిలో ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు చేయించాలి, ఇంజన్ కింది నూనె చాంబర్ కోయించాలి, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్పించాలి, చివరికి బండి బాడీనే కోయాలి. ఒక్కసారి గ్యాస్ కట్టర్ తగిలిన రేకు మళ్ళీ పాత రేకు కాదు. మీ అబ్బాయి రేపు ఎప్పుడైనా పాత ఇంజన్‌ను తిరిగి పెట్టాలనుకుంటే పెట్టగలిగేలా ఉండాలి. నేను ప్రతి బోల్టు దగ్గరా చూసుకున్నది ఇదే. పాత ఇంజన్‌ను అమ్మకు. నూనె పోసి, రంధ్రాలన్నీ మూసి, బల్ల మీద పెట్టి ఉంచు.

అయితే ఒట్టి ఇంజన్‌ను కొనకు, నడవని బండిని మొత్తంగా కొను. నేను ఒక ప్రభుత్వ శాఖ వేలంలో అమ్మేసిన తెల్ల అంబాసిడర్‌ను తెచ్చుకున్నాను. బాడీ అంతా తుప్పు, సీట్లు చిరిగిపోయాయి. కానీ లోపల ఉండాల్సినవన్నీ ఉన్నాయి: ఇంజన్, గేరుపెట్టె, ఇంజన్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్, ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె అయిన ఈసీఎం, చివరి క్లిప్పు వరకు వైరింగు, పంపుతో సహా పెట్రోలు ట్యాంకు, ఆక్సిజన్ సెన్సర్ ఉన్న సైలెన్సర్ గొట్టం, ముందు డిస్క్ బ్రేకులు. చెన్నై పుదుపేటలో ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి, నిజమే. కానీ ఒక బండి ఇంజన్, ఇంకో బండి ఈసీఎం, మూడో బండి వైరింగు తెచ్చి కలిపితే ఏ తప్పు ఎక్కడుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. కాబట్టి ఆర్టీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికి వచ్చాకే స్పానర్ పట్టుకో. ఇంజన్ కోసం నువ్వు కొనే తెల్ల బండి అమ్మకం కాగితం, దాని ఇంజన్ నంబరు భద్రంగా ఉంచు. ఆర్‌సీలో ఉన్న నంబరు, ఇంజన్ మీద ఉన్న నంబరు వేరైతే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట పట్టుకునేది దాన్నే. ఇంకొకటి, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అని ఉంటుంది. కానీ ఇంజన్‌లోనో బాడీలోనో పెద్ద మార్పులు చేసిన బండికి అది రాదు, వచ్చిన బండిని రోజువారీగా తిప్పకూడదు. మీ బండికి యాభై దాటింది కాబట్టి ముందు ఈ రెండిట్లో ఏది కావాలో నువ్వే తేల్చుకో. అమ్మగారిని ప్రతి వారం గుడికి తీసుకెళ్ళడానికే అని రాశావు కాబట్టి నీకు తిరిగే బండే కావాలని నేను అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ బండి బానెట్ ఎత్తి, బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో చూడు. బ్రిటిష్ పద్ధతిలో పుట్టిన పాత కార్లలో ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. బల్బులకు, హారన్‌కు ఎటైనా ఒకటే. కానీ పాత డైనమో బదులు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు, ఈసీఎంకు అలా కాదు, తలకిందులుగా కలిపిన క్షణంలోనే కాలిపోతాయి. మీది ప్లస్ ఎర్త్ అయితే పాత వైరింగులో ఒక్క వైరు కూడా కొత్త ఇంజన్‌కు తగలకముందే దాన్ని మైనస్ ఎర్త్‌కు మార్పించు. పాత డైనమో ఎలాగూ పోతుంది. బ్యాటరీ కొత్తది వేయించు. మాకు తిరుపతి పక్కన కరకంబాడిలో తయారయ్యే అమరాన్ ఇంటి సరుకులాంటిది, అదే వేశాను.

తర్వాత ఎర్త్ పట్టీలు. ఇంజన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. రబ్బరు గుండా కరెంటు పోదు కదా. ఇంజన్ నుంచి బాడీకి ఒకటి, బ్యాటరీ నుంచి ఇంజన్‌కు నేరుగా ఒకటి, లావుపాటి పట్టీలు వేయాలి. బిగించే చోట రంగు గీకి, రేకు మెరిసేలా రుద్ది, బోల్టు వేశాక పైన గ్రీజు పూయాలి. డాష్‌బోర్డుకు ప్రత్యేకంగా ఇంకొక ఎర్త్ వైరు వేయాలి. మా బండిలో మొదట హెడ్‌లైట్లు వేయగానే పెట్రోలు సూది, వేడి సూది రెండూ ఒక్కసారే కదిలేవి. మీటర్లు పోయాయి, కొత్తవి వేయాల్సిందేనని వచ్చిన ప్రతి ఎలక్ట్రీషియనూ అన్నాడు. మా మెకానిక్ భాయ్ మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్క సూది కదిలితే దాని సెన్సర్‌ను అనుమానించు, రెండూ కలిసి కదిలితే ఎర్త్‌ను అనుమానించు" అని మల్టీమీటర్ తెప్పించాడు. లైట్లు వేసి ఉంచి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి డాష్‌బోర్డు రేకు మీద పెట్టాడు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాల్సిన అంకె వోల్టు దాకా పోయింది. కొత్త ఎర్త్ వైరు వేశాక సూదులు కదలడం మానేశాయి. ఆయన చదివింది అయిదో తరగతి వరకే. ఆ మాటను నేను షెడ్డు గోడ మీద రాయించాను.

కొత్త వైరింగును పాతదానితో కలపాలని చూడకు. ఇంజన్‌కు సంబంధించినది, అంటే ఈసీఎం, సెన్సర్లు, ఇంజెక్టర్లు, పెట్రోలు పంపు, ఇవన్నీ తెల్ల బండి నుంచి కోయకుండా, కొసలకు చీటీలు కట్టి దించుకో. లైట్లు, హారన్, వైపర్లకు పూర్తిగా కొత్త వైరు లాగించు. యాభై ఏళ్ళ పాత వైరు తొడుగును వంచి చూడు, మరమరాల్లా విరిగిపోతుంది. ఈ రెండు వైరింగులూ కలిసేది ఇగ్నిషన్ తాళం దగ్గర, ఫ్యూజు పెట్టె దగ్గర మాత్రమే. హెడ్‌లైట్లకు రిలేలు, అంటే కొద్ది కరెంటుతో ఎక్కువ కరెంటును కలిపే స్విచ్చులు, తప్పనిసరి. 60 వాట్ల బల్బులు రెండంటే పది ఆంపియర్లు. అంత కరెంటు మీ నాన్నగారి కాలపు స్విచ్చు గుండా వెళితే స్విచ్చు కరుగుతుంది. ఈసీఎంను ముందు సీటు కాళ్ళ దగ్గర పైభాగాన, ఇంజన్ వేడి తగలని చోట బిగించు. అద్దం కింద నుంచి వాన నీరు కారే దారి ఎక్కడుందో ముందు బకెట్టు నీళ్ళు పోసి చూసుకో.

పెట్రోలు లైను గురించి ఒక మాట. కార్బురేటర్‌కు పావు బార్ ఒత్తిడి చాలు, ఇంజెక్షన్‌కు మూడు బార్ల దాకా కావాలి. పాత రబ్బరు గొట్టాలు ఆ ఒత్తిడికి ఆగవు. పగిలిందంటే వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇంజెక్షన్ బండ్ల గొట్టాలు, క్లిప్పులు విడిగా దొరుకుతాయి, అవే వేయించు. ఇక్కడ పైసా కూడా మిగుల్చుకోకు.

మీటర్ల దగ్గరకు వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. అంకెలు మెరిసే డిజిటల్ పలక పెట్టమని నీకు చాలామంది చెబుతారు. వద్దు. మీ నాన్నగారు ఇన్నేళ్ళు చూసిన డయళ్ళే నీ కళ్ళ ముందు ఉండాలి, అవి నిజం చెప్పేలా చేయడమే పని. వేడి సూదికి పాత సెన్సరునే కొత్త ఇంజన్‌కు బిగించు. మర కుదరకపోతే లేత్ దగ్గర ఇత్తడి బుష్ చేయించు. ఈసీఎంకు దాని సెన్సరు దానికే ఉండాలి, ఆ రెండిటినీ ఒకే సెన్సరుకు కలిపితే రెండూ అబద్ధం చెబుతాయి. డాష్‌బోర్డులో కరెంటును కొలిచే అమ్మీటర్ ఉంటే దాని గుండా ఆల్టర్నేటర్ కరెంటును పంపకు, అది డైనమో కాలపు కరెంటుకు చేసింది. అదే డబ్బాలో, అదే ముఖం వెనక వోల్ట్‌మీటర్ పెట్టించవచ్చు. ఇంజన్ తప్పును చూపించే పసుపు దీపాన్ని పాత చార్జింగ్ దీపం పక్కన చిన్నదిగా అమర్చాం, తెలిసినవాళ్ళకు తప్ప కనిపించదు.

స్పీడోమీటర్ కేబుల్ కొత్త గేరుపెట్టెకు తగిలినంత మాత్రాన సరిగ్గా చూపిస్తుందనుకోకు. పాత డయల్ కిలోమీటరుకు కేబుల్ వెయ్యి చుట్లు తిరగాలని ఆశిస్తుంటే, కొత్త గేరుపెట్టె ఎనిమిది వందలే తిప్పిందనుకో, నువ్వు నూరు మీద పోతుంటే సూది ఎనభై చూపిస్తుంది. దీన్ని కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. టైర్లలో గాలి సరిచూసి, చదునైన చోట సుద్దముక్కతో పది మీటర్లు గీత గీయి. డయల్ వెనక నుంచి కేబుల్ విప్పి, లోపలి తీగ కొసకు అట్టముక్కతో బాణం గుర్తు గుచ్చు. బండిని న్యూట్రల్‌లో తిన్నగా తోయిస్తూ బాణం ఎన్ని చుట్లు తిరిగిందో, చివరి పావు చుట్టుతో సహా లెక్కపెట్టు. దాన్ని వందతో గుణిస్తే కిలోమీటరుకు ఎన్ని చుట్లో వస్తుంది. ఆ అంకెను, డయల్ కోరే అంకెను మీటర్లు బాగుచేసే వాళ్ళకు ఇస్తే, తేడాను సరిచేసే చిన్న గేరు డబ్బాను మధ్యలో బిగిస్తారు. మా వీధి పిల్లలంతా కలిసి బండిని తోశారు, బాణం లెక్క మా అమ్మాయిది.

ఒక్క విషయం మాత్రం మనసుకు కష్టంగానే ఉంటుంది. స్టీరింగ్ పక్కన ఉన్న గేరు పోతుంది. ఇసుజు గేరు కడ్డీ నేల మీద నుంచి వస్తుంది. ముందు సీటులో ముగ్గురు కూర్చునే సుఖం కూడా దానితోనే పోతుంది. పాత కడ్డీని నేను తీయలేదు, ఏ పనీ లేకపోయినా స్టీరింగ్ పక్కన అలాగే ఉంది. మామయ్య చేయి పడి దాని పిడి నున్నగా అరిగింది.

బ్రేకుల్లో బేరం లేదు. ఇంజన్ బలం పెరిగితే ఆపే బలం కూడా పెరగాలి. తెల్ల బండి డిస్కులు, బ్రేకు తొక్కే బలాన్ని పెంచే బూస్టరు వేయకుండా రోడ్డెక్కకు. రేడియేటర్ కొత్తది, దానికి కరెంటు ఫ్యాను. ఒకప్పుడు తిరుమల ఘాట్ మలుపుల్లో బానెట్లు ఎత్తి, ఆవిరి కక్కుతూ అంబాసిడర్లు వరసగా నిలబడేవి, గుర్తుందా? కాణిపాకంలో వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి, మా బండిని మొదట తీసుకెళ్ళింది మొగిలి ఘాట్‌కే. మిట్టమధ్యాహ్నం, నలుగురం ఎక్కి, పలమనేరు దాకా. వేడి సూది సగం దగ్గర నిలబడింది, ఎక్కడంతా అక్కడే ఉంది. భాయ్ ఆ దారంతా రోడ్డు చూడలేదు, సూదినే చూస్తూ కూర్చున్నాడు.

ఖర్చు లెక్క విడిగా కాగితం మీద రాసి పంపుతాను. ఇప్పటికి ఇంత గుర్తుపెట్టుకో: తెల్ల బండికి ఎంత పెడతావో, వైరింగుకు, బ్రేకులకు, రేడియేటర్‌కు కలిపి అంతే మొత్తం పక్కన పెట్టుకో. ఎన్నాళ్ళు అన్నదానికి జవాబు నీ ఎలక్ట్రీషియన్ ఓపికను బట్టి ఉంటుంది. తొందరపెట్టకు.

కాట్పాడి దగ్గర ఒక షెడ్డులో ఎంపీఎఫ్‌ఐ అంబాసిడర్ అమ్మకానికి ఉందని భాయ్‌కి కబురు వచ్చింది. వైరింగు కోయలేదట. వచ్చే ఆదివారం వెళ్ళి చూస్తాం. అంతకు ముందే నువ్వు రెండు పనులు చెయ్యి. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిపి ఉందో చూసి రాయి. డాష్‌బోర్డు కింద తల పెట్టి, అక్కడున్న వైర్లకు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి ఫోనులో పంపు. అవి చూశాకే ఆ షెడ్డు యజమానితో బేరం మాట్లాడతాం.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు