అల్లూరి బాల్యం: ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది?

సంపాదకులకు నమస్కారం.

అల్లూరి సీతారామరాజు జయంతి సందర్భంగా ఆయన చిన్ననాటి జీవితం గురించి మీ పత్రికలో వచ్చిన కథనాలనూ, వాటిపై పాఠకులు రాసిన ఉత్తరాలనూ శ్రద్ధగా చదివాను. ఉద్యోగం చేసుకుంటూనో, పదవీ విరమణ తర్వాతనో, సొంత ఖర్చుతో ఊళ్లు తిరిగి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగి, పాత కాగితాలు వెతికి ఈ విషయాలు రాస్తున్నవారంటే నాకు ఎంతో గౌరవం. చరిత్ర గ్రంథాలు ఎక్కువగా 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై జరిగిన దాడితో మొదలై 1924 మే 7న ఆయన మరణంతో ముగుస్తాయి. అంతకుముందు గడిచిన పాతికేళ్ల గురించి, అందులోనూ మొదటి పదేళ్ల గురించి ఓపికగా ఆరా తీసినది చాలావరకు స్థానిక ఔత్సాహికులే. వారి కృషి నిలవాలని కోరుకుంటున్నాను గనుకనే ఈ మాట రాస్తున్నాను. ఏ సంగతి ఎవరు చెప్పగా తెలిసింది, ఎప్పుడు చెప్పారు, ఏ రికార్డులో ఉంది అన్న వివరం లేకుండా అచ్చయిన బాల్యకథ, ఎంత భక్తితో రాసినదైనా, తర్వాత వెతికేవాడికి దారి మూసేస్తుంది.

మొదట జన్మస్థలం సంగతి. విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలోని పాండ్రంగి ఆయన జన్మస్థలమని జీవిత చరిత్రలు చెబుతుండగా, భీమవరం దగ్గరి మోగల్లేనని మరికొందరు పట్టుబడుతున్నారు. నిజానికి ఇందులో తగువు పడవలసింది ఏమీ లేదు. అల్లూరి వారి స్వగ్రామం మోగల్లు. తల్లి సూర్యనారాయణమ్మ గారి పుట్టిల్లు పాండ్రంగి. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువెళ్లడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆనవాయితీ. పురిటికి వెళ్లిన ఊరు ఒకటి, ఇంటి పేరు పాతుకున్న ఊరు మరొకటి కావడం ఆ రోజుల్లో ప్రతి కుటుంబంలోనూ ఉన్నదే. ఈ రెండు ఊళ్లను పోటీకి నిలబెట్టే బదులు, ఆ తల్లి ఎప్పుడు పుట్టింటికి వెళ్లింది, బిడ్డతో ఎప్పుడు తిరిగి వచ్చింది, తర్వాతి సంవత్సరాల్లో ఆ ఇంటితో రాకపోకలు ఎలా సాగాయి అన్న ప్రశ్నలు వేస్తే మనకు నిజంగా కొత్త సంగతులు తెలుస్తాయి.

పుట్టిన తేదీ విషయం ఇంతకంటే జాగ్రత్తగా చూడవలసినది. ఎక్కువ పుస్తకాల్లో 1897 జూలై 4 అనీ, కొన్నిచోట్ల 1898 అనీ కనిపిస్తుంది. 2022లో భీమవరంలో 125వ జయంతి ఉత్సవాలు జరిగాయి గనుక ప్రభుత్వ లెక్కలో 1897 స్థిరపడినట్టే. అయితే జనన ధ్రువపత్రం ఎక్కడో ఉండి తీరాలని, అది ఎవరో దాచారని ఒక పాఠకుడు రాసిన మాట సరికాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం వచ్చినది 1899లో. అంతకు రెండేళ్ల ముందు ఒక పల్లెటూళ్లో పుట్టిన బిడ్డకు ఇప్పుడు మనం అనుకునే ధ్రువపత్రం ఉంటుందని ఆశించలేము. బడి రిజిస్టరులోని తేదీని కూడా తుది మాటగా తీసుకోకూడదు. పంతులుగారు అంచనాగా వేసిన వయసే జీవితాంతం పుట్టినతేదీగా చలామణి అయిన సందర్భాలు మన పాత తరంలో కోకొల్లలు.

మరి దేనిని పట్టుకోవాలి? తిథి, వారాలను పట్టుకోవాలి. 1897 జూలై 4 ఆదివారం. హేవళంబి నామ సంవత్సరం, ఆ సాయంత్రానికి ఆషాఢ శుద్ధ పంచమి. 1898 జూలై 4 సోమవారం. విళంబి నామ సంవత్సరం, పౌర్ణమి వెళ్లిన పాడ్యమి. పైగా 1898లో ఆ ముందు రాత్రే చంద్రగ్రహణం పట్టింది. నిండు గర్భిణిని గ్రహణం నీడ పడకుండా గదిలో ఉంచి కాపాడుకునే ఇళ్లలో, గ్రహణం విడిచిన మర్నాడు మగబిడ్డ పుడితే ఆ మాట మూడు తరాల వరకు మరుగున పడదు. కనుక ఏ బంధువుల ఇంట్లోనైనా తాటాకు మీదనో, కాగితం మీదనో పాత జాతక చక్రం ఉంటే, ఇంగ్లీషు తేదీని పక్కన పెట్టి తిథి, వారం, సంవత్సరం పేరు చూడండి. ఆ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతే అది బలమైన సాక్ష్యం. ఇంగ్లీషు తేదీ ఒక్కటే ఉండి తిథి లేకపోతే, అది తర్వాతి కాలంలో ఎవరో చేర్చినదేమోనని అనుమానించాలి.

తండ్రి వెంకటరామరాజు గారి గురించి ఇంకా చాలా వెతకవలసి ఉంది. ఆయన ఫొటోగ్రాఫరు, రాజమండ్రిలో స్థిరపడ్డారు. 1908 గోదావరి పుష్కరాల సమయంలో కలరా సోకి మరణించారని జీవిత చరిత్రలు చెబుతాయి. కొడుకు పుట్టినది పల్లెలో గనుక రికార్డు దొరకకపోవచ్చు గానీ, తండ్రి మరణించినది పట్టణంలో. రాజమండ్రి 1866 నుంచే పురపాలక సంఘం, పైగా 1908 నాటికి నమోదు చట్టం అమలులో ఉంది. ఆ ఏటి మరణాల రిజిస్టరు చెదలు పట్టకుండా మిగిలి ఉంటే, అందులో ఒక్క వరుస మనకు తేదీని, కారణాన్ని, నివాసమున్న వీధిని చెప్పగలదు. పదకొండేళ్ల పిల్లవాడి జీవితం తలకిందులైన రోజు అది. అలాంటి కాగితం కోసం పడే శ్రమలో పదో వంతు కూడా, అల్లూరి పేరులోకి సీత ఎలా వచ్చిందన్న ప్రేమకథ మీద పెట్టనవసరం లేదని నా నిశ్చితాభిప్రాయం. సినిమా వల్ల జనం నోట నిలిచిన ఆ కథకు ఆధారం చూపినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

తండ్రి పోయాక పినతండ్రి రామకృష్ణంరాజు గారి అండ ఆ కుటుంబానికి దొరికింది. ఆయన నరసాపురంలో తహశీల్దారుగా పనిచేశారు. రెవెన్యూ ఉద్యోగి గనుక ఆయన నియామకాలు, బదిలీలు ప్రభుత్వ కాగితాల్లో ఉంటాయి. వాటిని వరుసగా పేర్చుకుంటే, నరసాపురం టేలర్ ఉన్నత పాఠశాలలో ఆ పిల్లవాడు చదివిన కాలాన్ని జ్ఞాపకాల మీద ఆధారపడకుండా నిర్ధారించుకోవచ్చు. ఇక్కడ వెతికేవారు ఒక సంగతి గమనించాలి. భీమవరం, నరసాపురం తాలూకాలు 1904 వరకు గోదావరి జిల్లాలోనూ, ఆ తర్వాత కృష్ణా జిల్లాలోనూ ఉండి, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు అందులో చేరాయి. పశ్చిమ గోదావరి పేరు మీద వెతికి ఏమీ లేదని వెనుదిరిగినవారు కృష్ణా జిల్లా కట్టలు మళ్లీ విప్పించుకోవాలి. పేరు కూడా సీతారామరాజు అని మాత్రమే కాక రామరాజు, శ్రీరామరాజు అని చూడాలి.

జ్ఞాపకాలకు విలువ లేదని నేను అనడం లేదు. తెల్లదొరకు సలాము చేసినందుకు తండ్రి కొడుకును మందలించాడన్న సంఘటన మనందరికీ తెలిసినదే. అది జరిగి ఉండవచ్చు. కానీ ఆ పిల్లవాడు పెద్దయి మన్యంలో ప్రాణాలిచ్చిన తర్వాత చెప్పుకున్న జ్ఞాపకంలో, తర్వాతి కాలపు గర్వం కొంత కలవకుండా ఉండదు. చెప్పినది చెల్లెలా, తమ్ముడా, ఇరుగుపొరుగువారా, వారి మనుమలా అన్నది రాస్తే చదివేవాడు దానికి ఎంత బరువు ఇవ్వాలో తానే నిర్ణయించుకుంటాడు. అది రాయకుండా నిన్ననే కళ్లారా చూసినట్టు సంభాషణలతో సహా అచ్చువేస్తే, ఆ వీరుడి పసితనాన్ని మనమే చేజార్చుకున్నవాళ్లమవుతాము.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. వచ్చే జయంతికి ఇలాంటి రచనలు ఆహ్వానించేటప్పుడు, ప్రతి సంగతి పక్కన అది విన్న ఊరు, విన్న సంవత్సరం, చెప్పినవారికి ఆ కుటుంబంతో ఉన్న చుట్టరికం రాయమని రచయితలను కోరండి. రాజమండ్రిలో ఆ కాలపు స్టూడియో ఫొటోలు దాచుకున్న పాఠకులు అట్ట వెనుక ముద్ర గానీ, చేతిరాత గానీ ఉందేమో చూసి, దాన్ని చెరపకుండా, ఫొటోను అట్ట నుంచి ఊడదీయకుండా రెండు వైపులా నకలు తీసి పంపమని ఒక చిన్న ప్రకటన వేయండి. పాత పురపాలక రిజిస్టర్లు ఏ స్థితిలో ఉన్నాయో మీ విలేకరి ఒకసారి వెళ్లి చూసి రాస్తే, మాలాంటివాళ్లం పది అర్జీలు పెట్టినదాని కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తణుకు