సాయంత్రాలు మన నెట్ ఎందుకు నెమ్మదించిందంటే

కావలిలోని మా ఖాతాదారులందరికీ నమస్కారం.

మూడు వారాలుగా రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా మన లైన్లు నత్తనడక నడిచాయి. ఫోను చేసిన ప్రతి ఒక్కరికీ రూటర్ ఆపి మళ్లీ వేయమని చెప్పాను. లోపం మీ రూటర్‌లో లేదు, మీ ఇంటికి వచ్చే తీగలోనూ లేదు. తెలియక చెప్పినా మిమ్మల్ని తిప్పలు పెట్టిన మాట నిజం. క్షమించండి.

మాకు బ్యాండ్‌విడ్త్ అమ్మే పెద్ద సంస్థ నుంచి సెకనుకు 2 గిగాబిట్ల (2,000 మెగాబిట్ల) వేగం కొంటున్నాం. దాన్నే 640 ఇళ్లూ పంచుకుంటాయి. అందరూ ఒకేసారి పూర్తి వేగం వాడరు కనుక ఈ పద్ధతి నడుస్తుంది, ఇందులో దాచేదేమీ లేదు. వేగం తగ్గిందని అడిగితే లోపం మా వైపే ఉందని ఆ సంస్థ వాళ్లు తేల్చేశారు. నమ్మి లైన్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ కొత్తది కొన్నాను, ట్రంక్ రోడ్డు మీద తీగల అతుకులన్నీ మళ్లీ వేయించాను. చివరికి మన లైన్ల వాడకాన్ని గీతగా చూపే గ్రాఫ్ అసలు సంగతి చెప్పింది. మామూలు రద్దీలో గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. మాకు మాత్రం రోజూ సాయంత్రం 1,200 మెగాబిట్ల దగ్గర కత్తితో కోసినట్టు చదునుగా ఆగింది. ఆ చిత్రం పంపాక గానీ పరిమితి తామే పెట్టామని ఒప్పుకోలేదు. పన్నెండేళ్లుగా ఒక్క బిల్లు ఆలస్యం చేయనివాడికి ముందుగా ఒక మాట చెప్పలేకపోయారు.

పూర్తి వేగం కావాలంటే ఇకపై వాడకాన్ని బట్టి కట్టాలన్నారు. అయిదు నిమిషాలకోసారి కొలుస్తారు. నెలాఖరున అన్నిటికంటే ఎక్కువ వాడకం చూపిన 5 శాతం కొలతలు వదిలేసి, మిగిలిన వాటిలో అన్నిటికంటే పెద్దదానికి బిల్లు వేస్తారు. 30 రోజుల నెలలో 5 శాతమంటే 36 గంటలు. మన సాయంత్రపు రద్దీ నెలకు 120 గంటలు, కనుక 36 వదిలేసినా రద్దీ గంటలు ఇంకా మిగులుతాయి. అంటే మధ్యాహ్నం లైను ఖాళీగా ఉన్నా సాయంత్రపు ధరే కట్టాలి. బిల్లు నెలకు 46 వేలు పెరుగుతుంది.

అంత భారం వద్దనుకుంటే వీడియోలను మాత్రం నెమ్మది చేయమని, ఎవరికీ తెలియదని అక్కడి ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ అమరిక మా పరికరంలో పది నిమిషాల పని. కానీ ఒక రకం సమాచారాన్ని ఇలా అణచకూడదని టెలికాం శాఖ 2018లోనే లైసెన్సు నిబంధనల్లో చేర్చింది. నిబంధన లేకపోయినా నేను చేయను. జవహర్ భారతి కాలేజీలో చదివే పిల్లవాడు చూసే పాఠం కూడా వీడియోనే కదా! డబ్బు తీసుకుని మీకు తెలియకుండా మీ నెట్‌లో చేయి పెట్టడం నా వల్ల కాదు.

నెలకు ఇన్ని జీబీలని పరిమితి పెట్టాలనీ ఆలోచించాను. అదీ న్యాయం కాదు. తెల్లవారుజామున మూడింటికి 200 జీబీ దించుకునేవారి వల్ల నాకు పైసా అదనపు ఖర్చు లేదు. ఖర్చంతా సాయంత్రపు రద్దీదే.

మనసొప్పక పోయినా కొత్త ఒప్పందం మీద సంతకం చేశాను. వేగం తిరిగి వచ్చింది. వచ్చే బిల్లు నుంచి పన్ను కాకుండా 60 రూపాయలు పెంచుతున్నాను. 640 ఇళ్ల మీద వచ్చేది 38,400, మిగిలిన 7,600 నేనే భరిస్తాను. ఏడాదికి ముందే కట్టినవారికి గడువు తీరేదాకా పెంపు లేదు. నెమ్మదించిన రోజులకుగాను అందరికీ ఒక వారం అద్దె తగ్గిస్తాను. నెల్లూరు వైపు నుంచి మరో సంస్థ లైనుకు దరఖాస్తు చేశాను. అది చవకగా దొరికితే ఆ 60 తీసేస్తాను. ఈలోగా మానేస్తామనేవారికి డిపాజిట్ మొత్తం అదే రోజు ఇచ్చేస్తాను.

ఒకే లైను రెండిళ్లకు అమ్ముతున్నానని టీ కొట్టు దగ్గర ఎవరో అన్న మాట నా చెవిన పడింది. ఆ మాట అన్నవారు ఏ రోజైనా రాత్రి ఎనిమిదింటికి ఆఫీసుకు రావచ్చు. గ్రాఫ్ తెర మీద తెరిచే ఉంటుంది.