బడి గేటు ముందు సిగరెట్లు: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మా ఊరి హైస్కూలు ఎదుట బడ్డీకొట్టు ఉంది. చాక్లెట్ డబ్బాల పక్కనే సిగరెట్ పెట్టెలు, పైన ఖైనీ పొట్లాల దండలు, పిల్లాడి చెయ్యి అందే ఎత్తులో తాడుకు కట్టిన లైటర్. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే యూనిఫాంలో ఉన్న పిల్లలు ఒక్కో సిగరెట్ విడిగా కొనుక్కుని సందులోకి పోతున్నారు. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక ఉండాలని ప్రభుత్వమే రూలు పెట్టింది. విడిగా కొనేవాడి కంట అది పడేదెలా?

బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని, 18 ఏళ్లలోపు వాళ్లకు ఎక్కడా అమ్మకూడదని 2003 నాటి పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం (కోట్పా) చెబుతోంది. కానీ ఆ సెక్షన్ కింద జరిమానా 200 రూపాయలు దాటదు. దానికి ఎవరు భయపడతారు? పిల్లలకు అమ్మితే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద కేసు పెట్టించండి. అందులో 7 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

కొట్టు నడిపే మనిషి పొట్ట కొట్టమనడం లేదు. పెన్నులు, బిస్కెట్లు అమ్ముకోనివ్వండి. బడి ప్రహరీ గోడ నుంచి టేపు పెట్టి కొలిపించి, ఆ 100 గజాల్లో పొగాకు సరుకు మాత్రం ఖాళీ చేయించండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి