విడుదల దస్తావేజులో ఆడపిల్ల వాటా ఎంతో రాయించండి

సంపాదకులకు,

డ్రోన్లు ఎగరేస్తున్న మహిళల గురించి, బస్సు స్టీరింగు పట్టిన మహిళల గురించి పత్రికలు రాస్తున్నాయి. రాయాల్సిందే. అయితే అలాంటి చాలా ఇళ్లలో తండ్రి పోయాక పొలం పాసుపుస్తకం ఎవరి పేరుకు మారిందో కూడా ఎవరైనా చూడాలి. ఆడపిల్ల వాటా విషయంలో మనకు చట్టం కొరత లేదు. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేస్తే, ఆ పద్ధతిని ఉంచుతూనే కూతుర్ని కొడుకుతో సమానంగా హక్కుదారును చేసిన మొదటి రాష్ట్రం ఎన్టీ రామారావు హయాంలోని ఆంధ్రప్రదేశ్. హిందూ వారసత్వ చట్టానికి చేసిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మన చట్టం వదిలేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టు 11న వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. ఉమ్మడి కుటుంబ ఆస్తి 8 ఎకరాలు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు. 1985కు ముందు లెక్కలో తండ్రికి, కొడుకులకు మూడు భాగాలు వేసి, తండ్రి భాగంలో మాత్రమే కూతురికి నాలుగో వంతు ఇచ్చేవారు. అంటే సుమారు 66 సెంట్లు. ఇప్పటి లెక్కలో తండ్రికి, ముగ్గురు పిల్లలకు తలా 2 ఎకరాలు వస్తాయి. తండ్రి 2 ఎకరాలను మళ్లీ తల్లితో కలిపి నలుగురికి పంచితే తలా అరెకరం. కూతురికి మొత్తం రెండున్నర ఎకరాలు, అంటే 2 ఎకరాల 20 గుంటలు. 66 సెంట్లే కదా, పోతే పోనీ అని వదులుకునే అలవాటు ఆ రోజుల్లోది. అదే అలవాటు మీద ఇప్పుడు రెండున్నర ఎకరాలు వదిలేస్తున్నారు. ఇక తల్లి అరెకరం చాలా ఇళ్లలో లెక్కలోకే రాదు.

అన్ని ఆస్తులకూ ఈ లెక్క వర్తించదు. తండ్రి స్వార్జితమైతే ఆయన వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు. రాయకుండా పోతే పై కుటుంబంలో నలుగురికీ తలా 2 ఎకరాలు. తాత దగ్గర నుంచి వచ్చిందల్లా పిత్రార్జితమే అనుకోవడం పెద్ద పొరపాటు. తాత తన స్వార్జితాన్ని వీలునామా రాయకుండా వదిలి 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక చనిపోతే, అది తండ్రి చేతిలో సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. అందుకే ఏ కాగితమైనా అడిగే ముందు ఆ భూమి తండ్రికి ఎలా వచ్చిందో తేల్చుకోవాలి. 1983 నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అర్జీ పెట్టి తీయించాలి. రెవెన్యూ రికార్డులు, అంటే ఆంధ్రలో అయితే 1-బి, అడంగల్, తెలంగాణలో పాత పహాణీలు దానికి జత చేసుకోవాలి.

వాటా మొదట జారిపోయేది కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దగ్గర. దానికి చాలాచోట్ల రేషన్ కార్డును ఆధారంగా చూస్తారు. పెళ్లి కాగానే ఆడపిల్ల పేరు పుట్టింటి కార్డులోంచి తీసేస్తారు. ఆధార్‌లో భర్త ఇంటిపేరు, అత్తగారి ఊరు ఉంటాయి. దాంతో వారసుల జాబితాలో తల్లి, కొడుకులే మిగులుతారు. తండ్రి పేరున్న పదో తరగతి మార్కుల మెమో, స్కూలు టీసీ, పాత రేషన్ కార్డు నకలు దగ్గర పెట్టుకుంటే కూతురినని చూపించుకోవడం తేలిక. తెలంగాణలో 2025లో వచ్చిన భూ భారతి చట్టం విరాసత్‌కు (వారసుల పేరుకు భూమి మార్పుకు) తహసీల్దారు విచారణను, వారసులకు నోటీసును తిరిగి తెచ్చింది. మంచిదే. కానీ ఆ నోటీసు పుట్టింటికే వెళితే, అందుకుని సంతకం పెట్టేది అన్నదమ్ములే.

పాసుపుస్తకం మారినంత మాత్రాన హక్కు పోదన్న మాట నిజం. మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) యాజమాన్యాన్ని సృష్టించదని కోర్టులు పదేపదే చెప్పాయి. కానీ పంట రుణం, భూసేకరణ పరిహారం, చివరికి అమ్మకం కూడా ఆ పుస్తకంలో ఉన్న పేరు వెంటే నడుస్తాయి.

హక్కు నిజంగా పోయేది రిజిస్టరైన విడుదల దస్తావేజుతో, అంటే నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే పత్రంతో. చాలావాటిలో పెళ్లినాడు కట్నకానుకలు ముట్టాయి కనుక వదులుకుంటున్నట్టు ఒక వాక్యం ఉంటుంది. (కట్నం ఇచ్చాం కాబట్టి వాటా లేదని కోర్టులో వాదించేవారు 1961 వరకట్న నిషేధ చట్టం కింద నేరం ఒప్పుకుంటున్నామని గమనించరు.) సర్వే నంబర్లన్నీ ఉంటాయి, ఆమె వాటా ఎన్ని సెంట్లో ఉండదు. సబ్ రిజిస్ట్రారు అడిగేది మనిషి ఎవరు, సంతకం తనదేనా అన్నంత వరకే. ఏం వదులుకుంటున్నావో తెలుసా అని అడగాలన్న నియమం లేదు. ఒకసారి రిజిస్టరయ్యాక దాన్ని రద్దు చేయించాలంటే మోసం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలోపు దావా వేయాలి. అదే ఏ దస్తావేజూ లేకుండా ఉమ్మడి ఆస్తిలోంచి పక్కన పెడితే, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ల గడువు ఉంటుంది. సంతకం పెట్టినవాళ్లకూ పెట్టనివాళ్లకూ ఉన్న తేడా ఇంత.

స్టాంపు కాగితం మీద రాసి రిజిస్టరు చేయని విడుదల పత్రంతో స్థిరాస్తిలో వాటా పోదు. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితం మీద కూతురి చేత ముందే రాయించుకున్న విడుదల కూడా సాధారణంగా నిలవదు, అప్పటికి ఆమెకు వదులుకోవడానికి హక్కంటూ ఏమీ లేదు కనుక. పెద్దమనుషుల ముందు ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామంటే, ప్రభుత్వ రికార్డుల మద్దతు ఉన్న అరుదైన సందర్భాల్లో తప్ప ఒప్పుకోవద్దని వినీత శర్మ తీర్పే చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాన్ని గానీ, కోర్టు డిక్రీ ప్రకారం జరిగిన పంపకాన్ని గానీ ఇప్పుడు తిరగదోడలేరు.

కోర్టుకు వెళ్లినవాళ్లు చాలామంది ఆగిపోయే చోటు ఇంకొకటి ఉంది. భాగపరిష్కార (ఆస్తి పంపకం) దావాలో మొదట వచ్చేది ప్రాథమిక డిక్రీ. అది వాటా ఎంతో చెబుతుంది గానీ ఏ గట్టు నుంచి ఏ గట్టు దాకా అన్నది చెప్పదు. తుది డిక్రీ దాకా దావాను నడిపించి, అడ్వకేట్ కమిషనరు, సర్వేయరు వచ్చి కొలిస్తేనే పొలం చేతికి వస్తుంది. గెలిచామనుకుని ఇంటికెళ్లి పదేళ్లు కూర్చున్నవాళ్లున్నారు. ఖర్చుకు భయపడనక్కర్లేదు. న్యాయసేవల చట్టం 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, కోర్టు ఫీజు కూడా అందులోకే వస్తుంది. ఫోన్ నంబరు 15100.

అన్నదమ్ములకు ఇష్టపడి ఇచ్చే ఆడపడుచును ఆపమని ఎవరూ అడగడం లేదు. ఆమె ఇస్తున్నది ఎంతో ఆమెకు తెలియాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 69వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ల శాఖ ఐజీ నిబంధన చేసి, ప్రభుత్వం ఆమోదిస్తే సరిపోతుంది. విడుదల దస్తావేజులో వదులుకుంటున్న వాటా విస్తీర్ణం, ఆ రోజు మార్కెట్ విలువ అంకెల్లో, అక్షరాల్లో ఉండాలి. సబ్ రిజిస్ట్రారు ఆమెను విడిగా కూర్చోబెట్టి ఆ అంకె చదివి వినిపించాలి. ఒక నకలు ఆమె చేతికే ఇవ్వాలి. రెవెన్యూ వైపు, ఫౌతీ (యజమాని చనిపోయాక పేరు మార్పు) దరఖాస్తులో పెళ్లయిన కూతుళ్ల పేర్లు, ప్రస్తుత చిరునామాలు, ఫోన్ నంబర్లకు వేరే గడి పెట్టి, నోటీసు ఆ చిరునామాకే స్పీడ్ పోస్టులో పంపాలి. ఆ గడి ఖాళీగా వచ్చిన దరఖాస్తును, కూతుళ్లు లేరని గ్రామస్థాయి రెవెన్యూ అధికారి రాసి ఇచ్చేదాకా పక్కన పెట్టాలి.

– ఒక సివిల్ న్యాయవాది, ఖమ్మం