చిట్టికి అమ్మ ఉత్తరం

నరసన్నపేట

చిట్టీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్న షుగర్ అదుపులోనే ఉంది. నువ్వు ఫోన్ ఎత్తకపోయినా నాకేం కోపం లేదు. ఆపరేషన్ థియేటర్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని, సర్జరీ పీజీ అంటే తెలియదా? కాకపోతే పార్వతి వదిన కొడుకు విశాఖ నుంచి వచ్చి, నువ్వు మెస్ దగ్గర తెగ దగ్గుతున్నావని, ఆ సాయంత్రమే డ్యూటీకి వెళ్ళావని చెప్పాడు. వాడి మాట సగమే నమ్మాలనుకో.

అది వదిలేయ్. కొబ్బరికాయలు దింపించాం. అప్పలరాజు చిన్నాన్న వచ్చి "డాక్టరమ్మ ఎలా ఉంది?" అని అడిగాడు. ఆయన హెర్నియా, అదే పేగు బయటికి తోసుకొచ్చిన వాపు, గుర్తుందిగా? 2020 మార్చిలో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చాక కరోనా లాక్‌డౌన్ పడింది. తొందర లేని ఆపరేషన్లన్నీ ఆపేశారు. ప్రపంచమంతటా 12 వారాల్లోనే 2.8 కోట్లకు పైగా ఆగిపోతాయని అప్పట్లో అంచనా కట్టారు. ఈయన పట్టీ కట్టుకుని గట్ల మీద తిరిగాడు, వద్దన్నా బస్తాలెత్తాడు. అర్ధరాత్రి నొప్పొస్తే సత్తెమ్మ పిన్ని నాకే ఫోన్. వాపు లోపలికి వెళ్తోందా, వాంతులున్నాయా అని అడగలేక చచ్చేదాన్ని. 2021లో మళ్ళీ తేదీ ఇస్తే ముందురోజు కరోనా పరీక్షలో పాజిటివ్! దగ్గు లేదు, జ్వరం లేదు. "ఏమీ లేనోడికి ఆపడమేంటి?" అని ఒకటే గొడవ. ఆ సర్జన్ మెత్తగానే మాట్లాడాడు గానీ ఏడు వారాలు ఆగాల్సిందేనన్నాడు. 116 దేశాల్లో లక్షా నలభై వేల మందిని చూసిన అధ్యయనం అప్పుడే వచ్చింది, ఈలోపు కోస్తే ప్రాణాపాయం ఎక్కువని. టీకాలొచ్చాక ఆ గడువు సడలించారులే. చివరికి వెన్నులో మత్తిచ్చి చేసి మర్నాడే పంపేశారు. కుట్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నారు. చిన్నాన్న ఆ ఫొటో ఊరందరికీ చూపించాడు, అది వేరే సంగతి.

ఫోన్ వైద్యానికి కేంద్రం మార్గదర్శకాలిచ్చింది కూడా ఆ 2020 మార్చి 25నే. రెండు నిమిషాల చూపు కోసం ఉద్దానం నుంచి విశాఖ బస్సెక్కే ముసలివాళ్ళకి ఈ ఫోన్ సౌకర్యం పోకూడదు. కడుపు నొక్కి చూడాల్సిన చోట మాత్రం ఫోన్‌ని నమ్మకు. చిన్న కోతలతో గొట్టాలు పెట్టి చేసే లాప్రోస్కోపీలో కడుపులో నింపిన గాలి వదిలేటప్పుడు ఫిల్టర్ పెట్టడం కూడా కరోనా భయంతోనే మొదలైంది. వైరస్ మాట ఎలా ఉన్నా, కరెంటుతో కాల్చి కోసే కాటరీ పొగ మంచిది కాదు. మేం పీలుస్తూనే నిలబడేవాళ్ళం. నువ్వు ఆ పొగని లాగేసే సక్షన్ గొట్టం అడుగు, నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఇక ఆపరేషన్ చేసేవాళ్ళకి జ్వరమొస్తే థియేటర్‌లోకి రాకూడదన్నది. కరోనా నేర్పినవాటిలో పైసా ఖర్చు లేనిది అదే, అందరూ ముందుగా మర్చిపోతున్నదీ అదే. మాస్కు దగ్గుని కొంత ఆపుతుందేమో, ఒళ్ళు తూలడాన్ని ఆపుతుందా? సెలవడిగితే చేతకాదనుకుంటారని భయమా? అనుకోనీ. టేబుల్ మీదున్న మనిషికి నీ పట్టుదలతో ఏం పని? నేనేం లెక్చర్ ఇవ్వడం లేదు, మాటల్లో వచ్చింది.

ఆర్టీసీ పార్శిల్‌లో పలాస జీడిపప్పు, మిరియాల పొడి, నీ పాత స్వెటర్ వేస్తున్నాను. కాంప్లెక్స్‌కి నువ్వు వెళ్ళకు, రూమ్మేట్‌ని పంపు, ఆ పిల్లకీ కాస్త జీడిపప్పు పెట్టు. తలస్నానం చేసి తడిజుట్టుతో ఫ్యాన్ కింద పడుకోకు. థర్మామీటర్ పెట్టుకుని అంకె ఎంతో మెసేజ్ చెయ్యి. "పర్వాలేదమ్మా" అని పెడితే మాత్రం మీ నాన్నని బస్సెక్కిస్తాను.

అమ్మ